ఫార్ములా సరే, రుజువేదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక విద్యా పేజీలో సైన్స్ పరీక్షకు చదివే పిల్లల కోసం ఈమధ్య వరసగా ప్రశ్నలు, జవాబులు వేస్తున్నారు. సోడియం సంకేతం ఏమిటి, అల్యూమినియం వేలెన్సీ ఎంత, నీటి ఫార్ములా ఏది, ఇలా. వాటిలో తప్పుల్లేవు. నా ఫిర్యాదల్లా అందులో లేని ప్రశ్న గురించి. నీళ్లు మూలకం కాదు, సమ్మేళనం, అంటే మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడిన పదార్థం అని మనకెలా తెలిసింది? ఇది మీ పేజీలో లేదు. నేను చూసిన పరీక్ష పేపర్లలోనూ దాదాపు కనబడదు.

నిద్రలో లేపి అడిగినా 'హెచ్ టూ ఓ' అని చెప్పే పిల్లలున్నారు. అదే పిల్లవాణ్ని "హెచ్ ఓ ఎందుకు కాకూడదురా?" అని అడిగి చూడండి. "పుస్తకంలో అలాగే ఉంది" అంటాడు. వాణ్ని అని లాభం లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న చిన్నదేం కాదు. పరమాణు సిద్ధాంతాన్ని నిలబెట్టిన జాన్ డాల్టనే నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయనుకున్నాడు. రెండు పాళ్ల హైడ్రోజన్ వాయువు ఒక పాలు ఆక్సిజన్‌తో కలుస్తుందని 1808లో ఫ్రెంచి శాస్త్రవేత్త గేలుసాక్ చూపించినా డాల్టన్ ఒప్పుకోలేదు. 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో దానికి సరైన అర్థం, అంటే నీటిలో హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఒకటి అని చెబితే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1860లో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకి చెందిన కానిజారో మళ్లీ ఆ సంగతి ఎత్తాకే చిక్కు వీడటం మొదలైంది. మహామహులు యాభై ఏళ్లు కొట్టుకున్న విషయాన్ని మనం ఒక్క పీరియడ్‌లో బోర్డు మీద రాసి, "నోట్ చేసుకోండి" అని గీత గీసేస్తున్నాం.

మూలకం సంగతీ అంతే. ఒకే రకం పరమాణువులతో తయారైనది మూలకం అని మొదటి రోజే చెప్పేస్తారు. కంటికి కనబడని పరమాణువుతో ఇచ్చిన ఆ నిర్వచనాన్ని పిల్లలు ఎలా పరీక్షించి చూసుకుంటారు? ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే పద్ధతి ఇంతకంటే నయం. ఎంత ప్రయత్నించినా ఇంకా విడదీయలేకపోతున్న పదార్థాన్ని మూలకం అనుకుందాం అన్నాడాయన. 1789లో ఆయన వేసిన జాబితాలో 33 పేర్లుంటే వాటిలో వెలుతురు, వేడి కూడా ఉన్నాయి. సున్నమూ ఉంది. దాన్ని విడదీసే సాధనం అప్పటికి లేదు మరి! 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు ప్రయోగించి అందులోంచి కాల్షియం లోహాన్ని బయటికి తీశాక సున్నం జాబితాలోంచి పోయింది. ఈ కథ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. గోడకు వేలాడే 118 మూలకాల చార్టు ఆకాశం నుంచి ఊడిపడలేదని పిల్లలకు అర్థమవుతుంది.

ఇక మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా. ఎడమ పక్క ఐదు పాయింట్లు, కుడి పక్క ఐదు పాయింట్లు అని పట్టిక గీయించి బట్టీ పట్టిస్తారు. ఆ అవసరమే లేకుండా చేసే ప్రయోగం ఒకటుంది. ఇనుప రజను ఏడు గ్రాములు, గంధకం పొడి నాలుగు గ్రాములు తూచి కలపాలి. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి దగ్గరికి తెస్తే ఇనుము మీసాల్లా లేచి అంటుకుంటుంది, పసుపుపచ్చ పొడి కింద మిగులుతుంది. మళ్లీ కలిపి, అందులో కొంచెం మాత్రమే పరీక్షనాళికలో వేసి అడుగున వేడి చేయాలి. ఎర్రగా రాజుకోగానే మంట తీసేయాలి. తీసేసినా ఆ ఎరుపు ఆగదు, దానంతటదే పైకి పాకుతుంది. పిల్లలు నోరు తెరిచి చూసేది ఇక్కడే. మంట తీసేశాక ఈ వేడి ఎక్కడిది? చల్లారాక చూస్తే నల్లటి ముద్ద. పూర్తిగా కలిసి ఉంటే, పొడి చేసి అయస్కాంతం పెట్టినా అంటుకోదు. ఇనుము ఎక్కడికీ పోలేదు, ఆ ముద్దలోనే ఉంది, కానీ ఇనుములా ప్రవర్తించడం మానేసింది.

ఇంతటితో ఆపేయకూడదు. రెండోసారి ఇనుము పది గ్రాములు, గంధకం అదే నాలుగు గ్రాములు కలిపి, అందులోంచి కొంచెం తీసి వేడి చేయాలి. ఈసారి పొడిలో కొంత అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇంకెంత వేడి చేసినా ఆ మిగులు మిగులే. మూలకాలు ఎంత పడితే అంత కలవవు, స్థిరమైన నిష్పత్తిలోనే కలుస్తాయన్న ప్రౌస్ట్ సూత్రం చెప్పాల్సింది సరిగ్గా అప్పుడు. ఇనుము పరమాణు భారం 56, గంధకానిది 32, అంటే ఏడుకి నాలుగు అని లెక్క చెబితే వెంటనే బుర్రకెక్కుతుంది. గంధకం పొగ ఊపిరికి మంచిది కాదు కాబట్టి కిటికీలు తెరిచి, నాళిక మూతిలో గ్లాస్‌వుల్ (గాజు పీచు) పెట్టి, కళ్లకు రక్షణ అద్దాలతో టీచరే చేయాలి. పిల్లలు దూరం నుంచి చూస్తే చాలు.

ల్యాబులు లేవు, సిలబస్ పూర్తవదు, క్లాసు నిండా ఉన్న పిల్లల్ని ఎవరు చూసుకుంటారు అంటారు. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, ఈ మాటలు నేనూ స్టాఫ్‌రూమ్‌లో విన్నాను. అవి సాకులని అనను. కానీ పెద్ద అడ్డంకి ప్రశ్నపత్రమే. పరీక్షలో అడగనిది క్లాసులో జరగదు. "నీకొక నల్లటి పొడి ఇచ్చారు, అది మిశ్రమమో సమ్మేళనమో తేల్చడానికి ఏం చేస్తావు?" అని ఒక్కసారి అడిగితే మరుసటి ఏడాదికి అయస్కాంతాలు వాటంతటవే బీరువాల్లోంచి బయటికొస్తాయి. రాగి పొడిని గాలిలో వేడి చేస్తే బరువు పెరిగింది, ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడగొచ్చు. ఇలాంటి జవాబులు దిద్దడం కష్టమే. గైడ్‌లో ఉన్న వాక్యం రాస్తేనే మార్కు అనే పద్ధతి వదులుకోవాలి.

పాఠ్యపుస్తకాల్లో పరమాణువు బొమ్మ కింద "కొలత ప్రకారం గీసింది కాదు" అని ఒక లైను ఉంటే బాగుంటుంది. కేంద్రకాన్ని మిల్లీమీటరు చుక్కగా గీస్తే ఎలక్ట్రాన్లు పదుల మీటర్ల దూరంలో ఉండాలి, అంత పేజీ ఎవరూ అచ్చువేయలేరు.

ఇందులో పత్రికల వాటా కూడా ఉంది. 'కెమికల్స్ లేని షాంపూ' అన్న ప్రకటనలు మీరే అచ్చువేస్తారు. షాంపూలో నీళ్లున్నాయంటే కెమికల్ ఉన్నట్టే. సోడియం నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు, ఆ రెండూ కలిసిన ఉప్పు లేకపోతే మనిషి బతకడు. ఈ సంగతి చిన్నప్పుడే ఒంటబట్టినవాడు కెమికల్ అన్న మాటకు బెదిరిపోడు. ఏ పదార్థం, ఎంత మోతాదు అని అడుగుతాడు.

అందుకే నా మనవి. విద్యా పేజీలో వారానికొక 'ఎలా తెలుసు?' ప్రశ్న వేయండి, దానితో పాటు ఒక ప్రయోగం. నీటితోనే మొదలుపెట్టొచ్చు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు, నీళ్లలో చిటికెడు వాషింగ్ సోడా, నీళ్లు నింపి బోర్లించిన రెండు చిన్న గొట్టాలు. బ్యాటరీ నెగటివ్ వైపున్న గొట్టంలో చేరే హైడ్రోజన్, రెండో గొట్టంలో చేరే ఆక్సిజన్ కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. సరిగ్గా రెట్టింపు రాదు, ఎందుకంటే ఆక్సిజన్ కొంత నీళ్లలో కరుగుతుంది, కొంత పెన్సిల్ ముల్లుతో కలుస్తుంది. పిల్లల్ని తాము చూసిన అంకెనే రాయమనండి, పుస్తకంలోది వద్దు. పక్కన పెద్దవాళ్లు ఉండాలని, గోడ ప్లగ్గు కరెంటు జోలికి పోవద్దని కూడా రాయండి. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, కాబట్టి ఉప్పు వాడొద్దన్న ముక్క మాత్రం లావు అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్