నడుముకి పిస్టల్ ఉన్న ఆయన్ని పోలీసు ఎందుకు ఆపలేదంటే

బుజ్జీ,

రాత్రి ఫోన్ మధ్యలో కట్ అయింది కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. టెక్సాస్‌లో మీ డెంటన్‌లో గ్యాస్ స్టేషన్లో (పెట్రోల్ బంకులో) ఒకాయన నడుముకి పిస్టల్ పెట్టుకుని లైన్లో నిలబడితే పక్కనే పోలీసు కాఫీ కలుపుకుంటూ అసలు పట్టించుకోలేదన్నావు. నాకైతే మీ తాతయ్య గుర్తొచ్చారు. అడవిపందుల కోసం సింగిల్ బ్యారెల్ ఉండేది మాకు, ఎలక్షన్ వచ్చిందంటే దాన్ని గోనెపట్టాలో చుట్టి స్టేషన్లో డిపాజిట్ చేసొచ్చి రసీదు మడిచి కళ్లజోడు డబ్బాలో దాచుకునేవారు. మన ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 19 చూడు, చేతిలో తుపాకీ ఉంటే చాలు ఏ పోలీసైనా లైసెన్స్ చూపించమనొచ్చు, అనుమానం గినుమానం అక్కర్లేదు, చూపించకపోతే పేరూ ఊరూ అడుగుతాడు, అదీ చెప్పకపోతే వారెంట్ లేకుండా అరెస్టే.

మీ దగ్గర లెక్క వేరు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 దాటినవాళ్లు, వేరే ఏ నిషేధమూ లేకపోతే, లైసెన్స్ లేకుండానే పిస్టల్ హోల్‌స్టర్‌లో పెట్టుకుని అందరికీ కనపడేలా తిరగొచ్చు. చట్టం ఒప్పుకున్న పని చేస్తున్నందుకే మనిషిని ఆపేస్తానంటే ఎట్లా కుదురుతుంది? ఇంకేదో ఉండాలి. ఆ ఇంకేదో ఏంటన్నది 1968 టెర్రీ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. క్లీవ్‌లాండ్‌లో 39 ఏళ్ల సర్వీసున్న డిటెక్టివ్ ఒకాయన, ఇద్దరు మనుషులు ఒకే షాపు అద్దంలోకి తొంగి చూడ్డం, వెనక్కొచ్చి గుసగుసలాడుకోవడం, మళ్లీ పోయి చూడ్డం గమనించి ఆపాడు, అది చాలంది కోర్టు. అంటే ఇదిగో ఇది చూసి ఆపానని నోరు తెరిచి చెప్పగలగాలి, ఎందుకో డౌటొచ్చింది సార్ అంటే నడవదు. (మన కోర్టుల్లో ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో.)

ఒహాయో టొలీడోలో 2010లో ఇంకోటి జరిగింది. ఒకాయన భార్యా కూతురూ మనవడితో కుక్కని తిప్పుతున్నాడు, నడుముకి గన్ ఉంది, బైక్ మీద పోతున్నవాడెవడో చూసి పోలీసుల ఎమర్జెన్సీ నంబర్ 911కి కొట్టాడు, పోలీసొచ్చి గన్ లాక్కుని బేడీలేసి అరగంట కార్లో కూర్చోబెట్టాడు. ఆయన దావా వేస్తే 2015లో అప్పీల్ కోర్టు, గన్ కనపడ్డం ఒక్కటే ఆపడానికి కారణం కాదు, ఆఫీసర్ మీద కేసు నడవాల్సిందే అంది. టెక్సాస్ ఆ కోర్టు కిందికి రాదనుకో, కానీ నాకు ఆ లాజిక్ నచ్చింది.

అదే గన్ బయటికి తీసి ఊపుతున్నా, ఇప్పుడే దోచుకుని పారిపోయినవాడి పోలికలున్నా ఆపొచ్చు. ఊరికే వచ్చి ఏం బాబూ అని పలకరించడానికైతే కారణమే అక్కర్లేదు, కాకపోతే ఆయన జవాబు చెప్పకుండా తన దారిన పోవచ్చు.

ఇక అసలు సంగతి, శనివారం ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి పోదామంటున్నావే, వద్దు. నీలాగా ఎఫ్-1 (స్టూడెంట్) వీసా వాళ్ల దగ్గర గన్నే కాదు తూటా ఉన్నా ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. అద్దెకి తీసుకుని పది నిమిషాలు పట్టుకున్నా అదే లెక్క కట్టొచ్చు, పైగా మీవాళ్లు ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టకుండా ఉంటారా. హంటింగ్ లైసెన్స్ అనగానే మీ నాన్న "అయితే అదే తీసుకోమను, తాతకి తగ్గ మనవరాలు" అని నవ్వుతున్నాడు. ఆయన మాట వినకు.

అమ్మ