గణిత దినోత్సవం నాడు పిల్లల చేత లెక్క చేయించండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబర్ 22న, రామానుజన్ పుట్టినరోజున, బడుల్లో గణిత దినోత్సవం జరుగుతోంది. పటానికి దండ, టాక్సీ నంబరు 1729 కథ, అంకెల ముగ్గులు, చాక్లెట్లు. పోయిన ఏడాది ఒక ఉన్నత పాఠశాల వాళ్లు నన్ను అతిథిగా పిలిచారు. రెండు గంటల కార్యక్రమంలో పిల్లలెవరూ ఒక్క లెక్క కూడా చెయ్యలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, మనసు చివుక్కుమంది.

తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో లండన్‌లో పెద్ద పత్రం ప్రచురించారు. వాటిని అతి సంయుక్త సంఖ్యలు అనుకుందాం. 12ని శేషం లేకుండా భాగించేవి 1, 2, 3, 4, 6, 12, అంటే ఆరు కారణాంకాలు; 60కి పన్నెండు. గంటలో సగం, మూడోవంతు, పావు, ఐదోవంతు, ఆరోవంతు ఏది అడిగినా నిమిషాలు శేషం లేకుండా వస్తాయంటే కారణం ఇదే. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో ఆయన ఇలాంటి 102 సంఖ్యల పట్టిక ఇచ్చారు. చివరిది 67,46,32,83,88,800. మధ్యలో ఒక్కటి మాత్రం తప్పిపోయింది: 2,93,31,86,25,600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

చూస్తే భయం వేసే ఈ సంఖ్యను ఎనిమిదో తరగతి పిల్లలు విప్పగలరు. అందులో 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19 ఒక్కొక్కసారి ఉంటాయి. ఒక్కో 'సార్లు'కి ఒకటి కలిపి గుణిస్తే 7×5×3×3×2×2×2×2, మొత్తం 5040 కారణాంకాలు. ఒకటి ఎందుకు కలపాలి? కారణాంకం కట్టడానికి 2ని ఒకటి నుంచి ఆరుసార్ల దాకా తీసుకోవచ్చు, అసలు తీసుకోకపోవడం కూడా ఒక ఎంపికే కదా. సూత్రం బట్టీ పట్టించేవాళ్లు ఈ మాట చెప్పరు, పిల్లలకు కావలసింది మాత్రం ఇదే.

ఇంకా ఉంది. ఆ 5040 కూడా అతి సంయుక్త సంఖ్యే, దానికి 60 కారణాంకాలు. 60కి 12. 12కి 6. అన్నీ ఆ కోవలోవే. తప్పిపోయిన సంఖ్యను 23తో గుణించి చూడండి, పట్టికలోని చివరి సంఖ్య వస్తుంది!

మా వీధి పిల్లలు ముగ్గురికి కాగితం మీద ఈ సంఖ్య రాసిచ్చాను. గంటన్నర కదల్లేదు. చేత్తో భాగహారం తప్పినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టారు. టెన్షన్ లేదు, మార్కుల గొడవ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విన్నపం ఒక్కటే. ఆ రోజు ఉపన్యాసాలు తగ్గించి, ప్రతి తరగతికీ ఒక పెద్ద సంఖ్య, రెండు పీరియడ్లు ఇవ్వండి. అది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా, కారణాంకాలెన్ని, వర్గమా, ఘనమా అన్నది పిల్లలే తేల్చుకుంటారు. మీ పత్రిక కూడా డిసెంబర్ 22న విద్యార్థుల పేజీలో ఒక సంఖ్య వేస్తే సంతోషిస్తాను. జవాబు మాత్రం మర్నాడు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి