‘పుట్టుకతోనే నేరస్తులు’ అన్న మాట మా ప్రాంతానికి కొత్త కాదు

సంపాదకునికి,

అయ్యా,

ఘోరమైన హత్యో అత్యాచారమో జరిగిన ప్రతిసారీ పత్రికల్లో, టీవీ చర్చల్లో ఒకే మాట వినిపిస్తుంది: ఇలాంటివాళ్లు పుట్టుకతోనే రాక్షసులు, వీళ్లకు విచారణ ఎందుకు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న సామెత కూడా వెంటనే తోడొస్తుంది. కడుపు మండినవాళ్లు అలా అంటే అర్థం చేసుకోగలను. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను నిదానంగా ఆలోచించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ చదువుకున్నవారు, పదవుల్లో ఉన్నవారు అదే మాటను సిద్ధాంతంలా వల్లిస్తుంటే ఊరుకోకూడదు. ఆ సిద్ధాంతాన్ని ఈ దేశంలో ఒకప్పుడు చట్టంగానే రాశారు. దాని ఫలితం ఏమిటో బాపట్ల, చీరాల ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లు దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది దాని వెనుక ఉన్న వాదన. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక తెగను నేరస్త తెగగా ప్రకటించారంటే, ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. రిజిస్టరులో పేరెక్కినవాడు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ తీసుకోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా సర్కారుకు ఉండేది. ఇంతకీ వాళ్లు చేసిన నేరమేమిటని అడిగితే, ఫలానా కులంలో పుట్టడం.

ఎరుకల కుటుంబాలు ఎన్నో ఒకప్పుడు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, బదులుగా ధాన్యం తెచ్చుకుని బతికేవి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది, రైళ్లు వచ్చాయి, ఆ వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోవడానికి కారణమైన ప్రభుత్వమే ఆ తర్వాత వాళ్ల రక్తంలో నేరం ఉందని తేల్చింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర వాళ్ల కోసం సెటిల్‌మెంటు, అంటే నిఘాలో ఉంచే కాలనీ, పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పగించారు. అక్కడివారికి సేద్యం నేర్పారు, చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పంపారు. రక్తంలోనే నేరం ఉందని నమ్మినవాళ్లు పని నేర్పి మనిషిని మార్చవచ్చని ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రెండింటినీ ఒకే ప్రభుత్వం, ఒకే కాలంలో, ఒకే మనుషుల మీద అమలు చేసింది.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. మచ్చ మాత్రం పోలేదు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఒకసారి పరీక్ష ఫీజు డబ్బులు కనబడకుండా పోయాయి. ఎవరు తీశారని మాస్టారు అడిగారో లేదో, స్టువర్టుపురం నుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచి నిలబడి, తన చొక్కా జేబు, లాగు జేబులు బయటికి లాగి చూపించాడు. తర్వాత సంచీ బల్ల మీద బోర్లించాడు. ఎవరూ అతని పేరు ఎత్తలేదు. ఆ పని తనదేనన్నట్లు, ముందే అలవాటైనట్లు చేశాడు. మిగతా పిల్లల సంచులు ఎవరూ వెతకలేదు.

స్టువర్టుపురం నుంచి పేరుమోసిన దొంగలు రాలేదని నేను అనను. వచ్చారు. కానీ 1970లలో జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం అదే ఊరికి వెళ్లి కూర్చుని, మాట్లాడి, భూమి, పని, పిల్లల చదువు కోసం తిరిగినప్పుడు దొంగతనం మానేసినవాళ్లూ ఆ ఊరివాళ్లే. నిజంగా రక్తంలోనే ఉన్నదైతే మాటలకు, చదువుకు లొంగేది కాదు.

దొంగతనం వేరు, దారుణమైన హింస వేరు అని కొందరు అంటారు. నిజమే, కొందరి మెదడులో, జన్యువుల్లో తేడాలు ఉండవచ్చు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. హింసతో ముడిపెట్టి చెప్పే ఒక జన్యువు రకం ఉండి, చిన్నతనంలో తీవ్రమైన దెబ్బలు, చీదరింపు అనుభవించిన మగపిల్లలే పెద్దయ్యాక ఎక్కువగా దారి తప్పారు. అదే జన్యువు ఉన్నా బాగా పెరిగినవారిలో ఆ తేడా కనబడలేదు. పుట్టుకే అంతా అనేవారికి ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

ఇంకొక సంగతి కూడా వారు గమనించాలి. ఒక మనిషి పుట్టుకతోనే హంతకుడైతే అతన్ని నిందించడానికి ఆధారమే ఉండదు. తేలు కుట్టిందని తేలు మీద కేసు పెట్టం కదా. ‘పుట్టుకతోనే రాక్షసుడు, అందుకే ఉరి తీయండి’ అనేవాళ్లు మొదటి సగంతో రెండో సగాన్ని కొట్టేస్తున్నారు. నా మటుకు నేను, నేరం చేసినవాడు దాన్ని ఎంచుకున్నాడనే నమ్ముతాను. అందుకే శిక్ష పడాలంటాను. అయితే ఆ ఎంపిక అందరికీ ఒకే కొలతలో ఉండదు. ఈ సంగతి మన చట్టానికి తెలుసు. ఏడేళ్లలోపు పిల్లవాడు ఏం చేసినా నేరం కాదు. మతిస్థిమితం లేనివాడికి మినహాయింపు ఉంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్లలోపువాడు ఘోర నేరం చేస్తే, అతనికి దాని పర్యవసానం అర్థమయ్యే శక్తి ఉందో లేదో ముందు చూడాలని 2015 బాల నేరస్తుల చట్టం చెబుతోంది. మనిషి మనసును ఇంత శ్రద్ధగా తూచే చట్టం ఉండగా, మనం మాత్రం టీవీ ముందు కూర్చుని ఒక్క మాటతో తేల్చేస్తున్నాం.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర, ఒక యువ పశువైద్యురాలి అత్యాచారం, హత్యకు సంబంధించిన దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. అయినా ఆ పూలు చూసి నాకు భయం వేసింది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషన్ అభిప్రాయపడింది. విచారణ జరిగి ఉంటే నేరం ఎవరిదో రుజువయ్యేది. లారీల మీద తిరిగే ఆ కుర్రవాళ్లు ఆ రాత్రికి ఎలా చేరారో, మధ్యలో ఎవరు ఎక్కడ ఆపగలిగి ఉండేవారో తెలిసేది. మరో ఆడపిల్లను కాపాడటానికి పనికొచ్చే ఆ సమాచారమంతా ఆ పొలాల్లోనే పోయింది.

మరణశిక్ష అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే పరిమితం కావాలని, నిందితుడు మారే అవకాశం లేదని చూపాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో మనోజ్ కేసులో ఇంకా ముందుకు వెళ్లి, దోషి బాల్యం, కుటుంబం, చదువు, అనుభవించిన హింస, మానసిక స్థితి, ఇవన్నీ విచారణ కోర్టు స్థాయిలోనే సేకరించాలని చెప్పింది. ఆ తీర్పు ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల సెషన్స్ కోర్టుల్లో ఎన్ని కేసుల్లో ఇలాంటి నివేదికలు తెప్పించారు, వాటిని తయారుచేయడానికి ప్రొబేషన్ అధికారులు, మనస్తత్వ నిపుణులు ఎంతమంది ఉన్నారు అన్నది ప్రభుత్వాలు ప్రజలకు చెప్పాలి. మీ విలేకరులు జిల్లాకొక కోర్టు చొప్పున వెళ్లి అడిగినా చాలు. అలాగే పదేపదే నేరం చేసేవారిపై నిఘా కోసం 1962లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన అలవాటు నేరస్తుల చట్టం గురించీ అడగండి. పాత నేరస్త తెగల చట్టం నీడలు జైలు నిబంధనల్లో మిగిలిపోయాయని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తేల్చి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. మన జైళ్లలో ఆ గడి తీశారో లేదో రెండు రాష్ట్రాల జైళ్ల శాఖలూ చెప్పాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
చీరాల