నాఫియాన్ దారం సాగాలంటే

ఏరా,

ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో, అంటే ఎక్కువ ఓల్టేజీతో ద్రావణాన్ని సూదిలోంచి సన్నటి దారంగా లాగేటప్పుడు, ఫాయిల్ మీద నాఫియాన్ దారాలు రావట్లేదు, చుక్కలే పడుతున్నాయన్నావుగా. ఓల్టేజీని తిట్టకు, తప్పు సీసాలోని ద్రావణంలోనే ఉంది. ఆల్కహాలు, నీళ్లలో నాఫియాన్ (ప్రోటాన్లను దాటనిచ్చే ఫ్లోరిన్ పాలిమర్) నిజంగా కరగదు. దాని అణువుల గొలుసులు ఉండలు కట్టి తేలుతుంటాయి. ఒకదాన్నొకటి పెనవేసుకోవు కాబట్టి ఎంత లాగినా తెగి చుక్కలవుతాయి. పొడవాటి గొలుసులున్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ కాస్త కలిపితే అది పట్టి ఉంచుతుంది.

10 గ్రాముల ద్రావణానికి లెక్క ఇది: ఆరబెట్టిన నాఫియాన్ పొడి 1.98 గ్రాములు, పాలీఇథిలీన్ ఆక్సైడ్ 0.02 గ్రాములు, మిగతా 8 గ్రాములు ప్రొపనాల్, నీళ్లు రెండు పాళ్లకు ఒక పాలు. ఆక్సైడ్ అణుభారం 6 నుంచి 10 లక్షలు ఉండేది తీసుకో. దాన్ని ఒక్కసారి కుమ్మరించకు, గడ్డలు కడుతుంది. కొద్దికొద్దిగా చల్లుతూ రాత్రంతా మెల్లగా తిప్పు. తొందరపడి జోరుగా తిప్పావో, ఆ పొడవాటి గొలుసులే తెగిపోతాయి. గాజుకడ్డీ ముంచి ఎత్తితే సన్నటి తీగ సాగాలి. టపుక్కున తెగిందా, యంత్రం ఆన్ చేయడం దండగ.

మొద్దు మొన ఉన్న 22 గేజి సూది, పంపు వేగం గంటకు 0.2 మిల్లీలీటర్లు, సూదికీ ఫాయిల్‌కీ 10 సెంటీమీటర్ల దూరం, 8 కిలోవోల్టులతో మొదలుపెట్టు. సూది కొసనే చూస్తుండు. వేలాడే బొట్టు కోసుగా సాగి, దాని మొన నుంచి ఒకే ఒక్క ధార నిలకడగా రావాలి. బొట్టు జారిపడుతోందంటే ఓల్టేజీ చాలలేదు, లేదా పంపు ఎక్కువైంది. కోసు సూదిలోకి ముడుచుకుపోయి ధారలు చీలుతుంటే ఓల్టేజీ ఎక్కువైనట్టు. గాలిలో తేమ 30, 40 శాతం మధ్య ఉంచు. అంతకు మించితే ధార ఆరకుండానే ఫాయిల్ చేరి దారాలు అతుక్కుపోతాయి. మరీ తగ్గితే సూది కొసనే గడ్డకడుతుంది.

పొర వచ్చిందని సంబరపడి నీళ్లలో వేశావంటే ఉబ్బి జిగురైపోతుంది. ముందు 150 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రెండు గంటలు వేడిచెయ్యి. తర్వాత 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గంట, శుద్ధమైన నీళ్లలో గంట మరిగించు. ఆక్సైడ్ కొట్టుకుపోతుంది. ప్రోటాన్ వాహకత తక్కువ వస్తే కంగారుపడకు, పొరలో ఎక్కువ భాగం గాలే. వేడిగా నొక్కి ఖాళీలు మూశాకే ఆ అంకెను నమ్ము.

ప్రొపనాల్ ఆవిరి అంటుకుంటుంది, గాలి పోయే ఏర్పాటు ముఖ్యం. సూది సర్దాలంటే ఓల్టేజీ ఆపి, ఎర్త్ తీగ తాకించాకే చెయ్యి పెట్టు.