కార్డు ఇచ్చారు సరే, ఫ్లూ టీకా ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ నా ఫోనుకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అన్న సందేశం అక్షరం తేడా లేకుండా వచ్చింది. ఎవరి సమస్య పరిష్కారమైందో నాకు తెలియలేదు కనుక ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2047 నాటికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బును నిర్మూలించే మిషన్ గురించి తమకు నేను చెప్పనక్కరలేదు. మా గూడేనికి జీపు వచ్చింది, వేలి నుంచి చుక్క రక్తం తీశారు, మా పాపకు ఆ జబ్బు ఉందని కార్డు ఇచ్చారు. దాన్ని ఆధార్‌తో పాటు రేకుపెట్టెలో భద్రంగా దాచాం. పాపకు దగ్గు వస్తే ఏం చేయాలో మాత్రం ఆ కార్డు మీద లేదు.

నిరుడు ఆగస్టు ముసురులో బడిలో అందరికీ జలుబు చేసింది. మిగతా పిల్లలు మూడు రోజుల్లో లేచి ఆటలకు పోయారు. మా పాప మాత్రం మూడో రాత్రికి ఛాతీలో నొప్పితో పక్కకు ఒత్తిగిల్లలేక, ఊపిరి పీల్చిన ప్రతిసారీ మూలిగింది. దగ్గరలోని ఆసుపత్రిలో మామూలు జలుబేనని పారాసిటమాల్ చేతిలో పెట్టారు. నేను కార్డు చూపించి బతిమాలితే వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు, 84 శాతమే చూపించింది. ఆక్సిజన్ సిలిండర్ ఉంది గానీ, దాన్ని తిప్పే స్పానర్ ఉన్న గదికి తాళం, ఆ తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర!

తెల్లవారి విశాఖ చేర్చాక అక్కడి డాక్టరు గారు విడమరచి చెప్పారు. వైరస్ వల్ల ఊపిరితిత్తులు వాచి ఆక్సిజన్ తగ్గితే ఎర్రకణాలు కొడవలిలా వంగి అక్కడి సన్నని నాళాలకు అడ్డం పడతాయని, దాంతో ఆక్సిజన్ ఇంకా పడిపోతుందని, ఎక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అనే ఈ స్థితి ప్రాణాలు తీయగలదని, పైగా ఈ పిల్లల్లో క్రిములను అడ్డుకునే ప్లీహం అనే అవయవం చిన్నప్పుడే దెబ్బతింటుంది కాబట్టి వైరస్ వెనకే న్యుమోనియా సూక్ష్మక్రిములు సులువుగా దూరతాయని అన్నారు. ఆపై, ‘ఏటా ఫ్లూ టీకా వేయించడం లేదా?’ అని నన్నే అడిగారు. ఆ ప్రశ్ననే తమకు పంపుతున్నాను.

ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఫ్లూ టీకా లేదు. న్యుమోనియా క్రిములను అడ్డుకునే న్యుమోకాకల్ టీకా 2021లో మా వైపు పసిపిల్లలకు వచ్చేసరికి మా పాపకు ఐదేళ్లు నిండాయి. బయట కొనాలంటే ఫ్లూ టీకా ఒక్కటే నా వారం కూలి, అదీ ఏటేటా. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పింఛను ఇస్తున్నారు కదా అంటారేమో. ఇస్తున్నారు, కాదనను, అందులో సగం విశాఖ బస్సులకే పోతోంది. ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మాత్రలు కూడా ఒక నెల ఉంటే మరో నెల ఉండవు.

అయ్యా, కార్డు ఉన్న ప్రతి బిడ్డకూ వానలకు ముందే ఆ టీకా వేయించండి. జ్వరంతో వచ్చిన సికిల్ సెల్ రోగిని మామూలు జలుబని వెనక్కి పంపవద్దని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఆ తాళంచెవి సంగతి కూడా చూడండి. దయచేసి ఆ టీకా వేయించండి.

ఇక్కడ మళ్లీ ముసురు పట్టింది. నిన్నటి నుంచి పాపకు ముక్కు కారుతోంది.

ఇట్లు,
మన్యంలోని ఒక సికిల్ సెల్ బాలిక తండ్రి