పెరటి కోళ్ల పెంపకందారుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంగతి చెప్పాలంటే ఏప్రిల్ కంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారం కోళ్లు కుప్పలుగా చనిపోయాయి. భోపాల్ ల్యాబ్‌కు పంపిన శాంపిళ్లలో బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర వ్యాధి ప్రాంతంగా ప్రకటించి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. మన లంక నుంచి గోదావరి పాయ వశిష్ఠ దాటితే ఆ రెండు ఊళ్లూ వచ్చేస్తాయి.

అంతకుముందు జరిగిన సర్వసభ్య సమావేశంలో మనం అనుకున్నది వేరు. ఇంటికి ఐదారు కోళ్లున్నవాళ్లు పదిహేను, ఇరవైకి పెంచుకోవాలని, సంఘం తరఫున కోడిపిల్లలు తెప్పించాలని తీర్మానించాం. ఫిబ్రవరి తర్వాత కార్యవర్గం దానికి ఒక షరతు కలిపింది. గట్టి గూడు కట్టుకున్న ఇంటికే పిల్లలు ఇస్తామని చెప్పాం. కొందరు సభ్యులకు ఇది కష్టం కలిగించింది. మా వీధిలో పెద్దమ్మగారు నన్ను నిలబెట్టి అడిగారు: "మా అత్తగారి కాలంలో కోళ్లు జామచెట్టెక్కి పడుకునేవమ్మా. ఇప్పుడు వాటికి మేడలేంటి?" ఆవిడ అన్నది నిజమే. నాటు కోడి చెట్టెక్కుతుంది, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కింద దాచేస్తుంది. మనం తెప్పిస్తున్న వనరాజ రకం బరువైన కోడి. నాటు కోడిలా ఎగరలేదు, కుక్క తరిమితే అంత తేలిగ్గా తప్పించుకోలేదు. అందుకే గూడు ముందు కావాలన్నాం. పెద్దమ్మగారు తర్వాత తమ పాత పశువుల పాకలో ఒక మూలను గూడుగా మార్పించారు. ఊళ్లో ఇప్పుడు అంతకంటే మంచి గూడు లేదు.

ఏ రకం, ఎన్ని

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రెండూ తీసుకున్నాం. గ్రామప్రియ పెరట్లో తిరుగుతూ కూడా ఏడాదికి 160–180 గుడ్ల దాకా పెడుతుంది. వనరాజ వంద, నూట పది పెట్టినా మాంసానికి బాగుంటుంది. అయితే ఈ రెండూ పొదగవు. కాబట్టి నాటు పెట్టల్ని ఎవరూ వదిలించుకోవద్దని కోరుతున్నాను. బాగా పొదిగే ఒక పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలు దిగుతాయి, కరెంటు బిల్లూ ఉండదు. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో గుడ్డు చూసి, రక్తనాళాలు కనిపించనివి తీసేయండి. మురిగిన గుడ్డు ఒక్కటి పగిలినా గూడంతా పాడవుతుంది.

పిల్లలు తీసుకున్న ఇళ్లలో మొదటి వారమే ఎక్కువ టెన్షన్ పడ్డారు. ఊక మీద పేపరు పరిచి, బల్బు వేలాడదీసి, మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉంచాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడి, అన్ని వైపులా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయినట్టు. రాత్రి కరెంటు పోతుందని ఒకరింట్లో పడుకోకుండా కూర్చున్నారు. ఆ ఇంట్లో ఒక్క పిల్ల కూడా పోలేదు.

నా పెరట్లో జరిగిన తప్పు

ఇది రాయడం నాకు కష్టమే, అయినా అందరికీ తెలియాలి. జూన్‌లో సంతకెళ్లి మూడు పెట్టల్ని కొన్నాను. చురుగ్గా, ఎర్రటి జుట్టుతో ఉన్నాయి. వేరుగా ఉంచాలని నాకు తెలుసు, మీ అందరికీ చెప్పింది కూడా నేనే. ఆ సాయంత్రం ముసురు పట్టింది, ఒక్క రాత్రికేం కాదులే అని పాత కోళ్లతో కలిపేశాను. ఐదో రోజు ఒకటి రెక్కలు వాల్చి నిలబడింది, ఆకుపచ్చగా పారింది. మర్నాటికి ఇంకో రెండిటి మెడలు తిరిగిపోయాయి. కొక్కెర రోగం. పద్నాలుగు కోళ్లలో తొమ్మిది పోయాయి. అందులో మా అమ్మ ఇచ్చిన పెట్ట సంతతిది ఒకటి ఉంది.

చనిపోయినవాటిని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. చచ్చిన కోడిని కాలువలో పడేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి మానుకోండి. ఆ నీళ్లు కింది ఊరి కోళ్లు తాగుతాయి, ఆ రేవులోనే మన చుట్టాలు బట్టలు ఉతుక్కుంటారు.

అప్పటి నుంచి సంఘం నియమం ఇది. కొత్త కోడి ఎక్కడి నుంచి వచ్చినా 30 రోజులు ఇంటికి అవతలి వైపు వేరే గూట్లో ఉండాలి. మేత ముందు పాతవాటికి, ఆఖర్న కొత్తవాటికి. అటు వెళ్లేటప్పుడు వేరే చెప్పులు. నెల గడిచాక కూడా ఒక్కసారిగా కలపొద్దు. వారం రోజులు మధ్యలో జాలీ ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి, తర్వాత రాత్రి నిద్రలో ఉన్నప్పుడు దండె మీదకు చేర్చండి. మేత గిన్నెలు రెండు చోట్ల పెడితే బలహీనమైనదానికీ తిండి దొరుకుతుంది.

టీకాలు

సంఘం ఉండి తీరాల్సిన పని ఇది. టీకా మందు బుడ్డిలో కనీసం వంద కోళ్లకు సరిపడా ఉంటుంది, ఒక్కో ఇంట్లో ఉండేవి పది. ఒకసారి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకే వీధుల వారీగా ఒకే రోజున వేయించాం: మొదటి వారంలో కొక్కెర రోగానికి లసోటా చుక్క, రెండో వారంలో గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో కొక్కెర రోగానికే రెక్క కింద ఆర్‌టూబీ సూది. మందును ఫ్లాస్కులో ఐసుతో తెచ్చాం. మొదట్లో కోళ్లన్నిటినీ రావిచెట్టు కిందికి తెమ్మన్నాం. రోగం అంటించుకోవడానికి అంతకంటే మంచి దారి లేదని పశువైద్య సహాయకుడు హెచ్చరించాక ఇంటింటికీ తిరుగుతున్నాం. ఇంటికీ ఇంటికీ మధ్య చేతులు కడుక్కుంటున్నాం.

గూళ్లు, తుఫాను

ఆరు మూలల కన్నాల జాలీతో కట్టిన రెండు గూళ్లలో ముంగిస, మానుపిల్లి పడ్డాయి. ఆ జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది గానీ, ముంగిసను, మానుపిల్లిని ఆపలేదు. అర అంగుళం కన్నాల గట్టి తీగ జాలీ (వెల్డ్‌మెష్) మొత్తంగా తెప్పించి అందరికీ పంచాం. పందికొక్కు తవ్వకుండా దాన్ని అడుగు లోతు పాతించాం. గడియకు చిన్న తాళం కూడా తప్పదు. సంక్రాంతి ముందు పుంజులు పోతాయని మీకు తెలుసు. పందేనికి వెళ్లి గాయాలతో వచ్చిన పుంజు ఊళ్లోకి రోగం కూడా తెస్తుంది. పందేలకు సంఘం సభ్యులెవరూ పుంజును అమ్మకూడదని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

కొబ్బరిచెట్టు నీడన గూడు చల్లగా ఉంటుందని కట్టినవాళ్లకు అక్టోబర్ 28 రాత్రి తెలిసొచ్చింది. మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన ఆ రాత్రి గాలికి మట్టలు, కాయలు రాలి మూడు గూళ్ల కప్పులు విరిగాయి. ముందు రోజే కోళ్లను గంపలకెత్తి వంటింట్లో, వరండాల్లో పెట్టుకోవడం వల్ల ప్రాణనష్టం లేదు. విరిగిన గూళ్లను సభ్యులే వచ్చి బాగుచేశారు, వారికి కృతజ్ఞతలు. 2022 జూలై వరద మనమెవరం మర్చిపోలేదు. గోదావరి అలా లంక మీదకొస్తే కింద కట్టిన గూడు ఏదీ మిగలదు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక రాగానే గంపలు సర్దుకోవాలి, 13.75 దగ్గర రెండోది వచ్చేదాకా ఆగొద్దు.

చలికాలంలో చేపల చెరువుల మీదకు వలస పక్షులు దిగుతాయి, కోతలైన చేలల్లో మేపు బాతుల గుంపులు తిరుగుతాయి. ఆ నెలల్లో కోళ్లను చెరువు గట్ల వైపు వదలకండి. నీళ్ల గిన్నెలు కప్పు కిందే పెట్టండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.

మేత గురించి ఒక్క మాట: వానాకాలంలో బూజు పట్టిన మొక్కజొన్న, నూనెగింజల చెక్క చవగ్గా వచ్చినా కొనొద్దు.

జమాఖర్చుల వివరాలు పంచాయతీ బోర్డు మీద అంటించాం. ఈసారి పిల్లలు కావలసినవారు ముందుగా గూడు చూపించి పేరు రాయించుకోవాలి. తర్వాతి ఆర్‌టూబీ టీకా మే రెండో ఆదివారం తెల్లవారుజామున, కాలువ గట్టు వీధితో మొదలవుతుంది. శనివారం రాత్రే కోళ్లను గంప కింద పెట్టి ఉంచండి.

ఇట్లు,
కార్యదర్శి