స్టాప్ బోర్డు నాటే ముందు టేపు పట్టండి

సంపాదకుల వారికి,

కాలువ వంతెన దగ్గర రెండు బళ్లు గుద్దుకుంటే చాలు, నాలుగు వైపులా స్టాప్ బోర్డులు పెట్టమని పంచాయతీకి అర్జీ వెళుతుంది. అర్జీ పెట్టేవాళ్ల బాధ న్యాయమైనదే. కానీ గట్టు రోడ్డూ, ఊళ్లోంచి వచ్చి వంతెన ఎక్కే రోడ్డూ కలిసే చోట బోర్డు నాటే ముందు కొలవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇద్దరు మనుషులు, ఓ టేపు చాలు. చిన్న రోడ్డులో, పెద్ద రోడ్డు అంచుకు 15 మీటర్లు వెనక్కి నిలబడి, కారు డ్రైవరు కన్నుండే ఎత్తుకి, అంటే 1.2 మీటర్లకి వంగి, రెండు పక్కలా చూడాలి. పెద్ద రోడ్డు మీద గంటకు 50 కి.మీ. వేగంతో వచ్చే బండి 8 సెకన్లలో 110 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి అటూ ఇటూ 110 మీటర్ల మేర రోడ్డు కనపడాలి. కనపడితే స్టాప్ అక్కర్లేదు, ‘దారి ఇవ్వండి’ అని చెప్పే తలకిందుల త్రికోణం చాలు. కనపడకపోతే ఏది అడ్డొస్తోందో చూడండి. సర్కారు తుమ్మో, బడ్డీకొట్టో, ఫ్లెక్సీయో, గడ్డిమేటో అయితే దాన్ని తీయించాలి. వంతెన పిట్టగోడ, ఇంటి ప్రహరీ లాంటి కదలనివి అడ్డమైతేనే ఎనిమిది మూలల ఎర్ర బోర్డు, అదీ చిన్న రోడ్డు మీదే.

నాలుగు వైపులా ఎందుకు వద్దంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా రోజూ ఆగమంటే జనం ఆగరు. ఆ అలవాటుతో నిజంగా ఆగాల్సిన చోట కూడా దూసుకుపోతారు. అడ్డరోడ్డులో మోటార్ సైకిల్ మీద వచ్చే కుర్రాడు ‘వాళ్లు ఆగుతారులే’ అనుకుంటాడు, గట్టు మీద రొయ్యల లారీ ఆగదు. అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులు మామూలే. అక్కడి ట్రాఫిక్ మాన్యువల్ కూడా వేగం తగ్గించడానికి వాటిని వాడొద్దనే చెబుతుంది. వేగమే సమస్యయితే స్పీడ్ బ్రేకర్ వెయ్యండి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988 నాటి కొలత ప్రకారం దాని వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. మిగిలిపోయిన కాంక్రీటుతో జానెడు వెడల్పున పోసే దిమ్మె నడుములు విరగ్గొట్టడానికే పనికొస్తుంది.

డెల్టాలో మరో చిక్కుంది. వంతెనకి ఎక్కే ఏటవాలు మీద స్టాప్ గీత గీస్తే, ధాన్యం బస్తాలు నింపిన ట్రాక్టరు అక్కడ ఆగి మళ్లీ కదలాలి. ట్రాక్టరు వెనక తగిలించే మన ట్రక్కులు (ట్రెయిలర్లు) చాలావాటికి విడిగా బ్రేకులుండవు. క్లచ్ వదిలేలోపు బండి వెనక్కి జారుతుంది, వెనక స్కూటీ మీద ఎవరున్నా తప్పుకునే వ్యవధి ఉండదు. అందుకని ట్రాక్టరూ ట్రక్కూ కలిసి నిలబడేలా పైన పది మీటర్లయినా చదును చేశాకే గీత గీయాలి. అంత జాగా లేకపోతే గట్టు రోడ్డు బళ్లనే ఆపాలి. గట్టు మీద రద్దీ ఎక్కువైనా సరే, నేను దీనికే ఓటేస్తాను.

గీత పిట్టగోడకి వెనకుంటే ఆగినా ఏమీ కనపడదు. ఆగినవాడికి రెండు పక్కలా కనపడే చోటే అది ఉండాలి. బోర్డు ఎడమ పక్కన, కింది అంచు రోడ్డుకి కనీసం 1.5 మీటర్ల ఎత్తున, రాత్రి లైటు పడితే మెరిసే రకం. సార్వా మాసూళ్లప్పుడు, అంటే ఖరీఫ్ కోతల్లో, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, బళ్లన్నీ మిగిలిన సగంలోకే వస్తాయి. పైగా తెల్లారగట్ల పొగమంచు. కాబట్టి బళ్ల లెక్క, చూపు కొలత మామూలు రోజున ఒకసారి, మాసూళ్లలో ఒకసారి తీయాలి.

గట్టు ఇరిగేషన్ వాళ్లది, రోడ్డు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో, వీధి పంచాయతీది. ఒక్కరికే ఇస్తే అర్జీ బల్లలు మారుతూనే ఉంటుంది. గ్రామసభ తీర్మానం, కొలతలతో స్కెచ్, పోలీస్ స్టేషన్లో నమోదైన ప్రమాదాల వివరాలు జతచేసి అందరికీ ఇవ్వండి. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఓ నకలు పంపండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షనును కూడా ప్రస్తావించండి. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోతే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఈలోగా కూడలి మూలనున్న ఫ్లెక్సీలూ, గడ్డిమేట్లూ ఎవరివి వాళ్లు రేపు పొద్దున్నే తీసేయవచ్చు.

– ఒక విశ్రాంత రోడ్ల ఇంజినీరు, పాలకొల్లు